బొట్టుకు జాగా ఉన్న సౌండ్ కార్డు

కూర్చోకముందే అడిగే ప్రశ్న

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కరీంనగర్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు, కుర్చీలో కూర్చోకముందే ఒక ప్రశ్న వేస్తారు.

“కాకా, ల్యాప్‌టాప్ మీద ప్రోగ్రాం ఇయ్యాలె. ఏ సౌండ్ కార్డు కొనాలె?”

వారు సౌండ్ కార్డు అనే వస్తువు అసలు పేరు ఆడియో ఇంటర్‌ఫేస్. సంచిలో పట్టే చిన్న పెట్టె. దీనికి ఒక పక్క మైకు తగిలిస్తే, ఆ ధ్వనిని అంకెలుగా మార్చి ల్యాప్‌టాప్‌కు పంపుతుంది. ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చిన అంకెలను మళ్ళీ ధ్వనిగా మార్చి స్పీకర్లకు అందిస్తుంది. ధ్వనిని అంకెలు చేసే యంత్రం కనుక మొదటి చూపులోనే అది నాకు నచ్చింది. “మంచిగుంది”, “గట్టిది”, “పేరున్న కంపెనీ” అనే మాటలు నా ముందు చెప్పి ప్రయోజనం లేదు. ఎన్ని వోల్టులు, ఎన్ని డెసిబెళ్లు, ఎన్ని మిల్లీసెకన్లు అని చెబితే వింటాను. నా దగ్గరున్న ప్రతి వైరు మీద దానిని అతికిన తేదీ రాసి ఉంటుంది. ఇంట్లో ఉప్పు డబ్బా మీద కూడా తేదీ అతికించానని నా భార్య నలుగురిలో చెప్పి నవ్విస్తుంది. అది నిజమే. ఆ తేదీ వల్ల ఇప్పటివరకు ఎవరికీ నష్టం కలగలేదు.

మైకుసెట్టు పనిలో చేరి, సౌండ్ ఇంజనీరు అనిపించుకొని, కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా తిరిగి, ఇప్పుడు విశ్రాంతిగా కూర్చున్నాను. నాకు ఎవరు శాలువా కప్పారో, ఏ సభలో నా పేరు చదివారో ఇక్కడ రాయను. అవి ఈ పని నేర్చుకునేవారికి పనికిరావు. ఆ పిల్లల ప్రశ్నకు సమాధానం రాస్తాను. అది ఒక పెట్టె పేరు కాదు కనుక కొంత దూరం నడవవలసి వస్తుంది.

ఉస్తాద్ అడిగే ప్రశ్న

నా మొదటి యజమాని మహమూద్ భాయి. క్లాక్ టవర్‌కు దగ్గరలో ఆయన మైకుసెట్టు దుకాణం ఉండేది. అందరూ ఆయనను ఉస్తాద్ అనేవారు. నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేతిలో పట్టుకొని, యాంప్లిఫయర్‌లో ఏ పార్టు ఎక్కడుందో కళ్ళు మూసుకొని చెప్పగలనన్న ధీమాతో ఆయన దగ్గర చేరాను.

పెళ్ళివారు వచ్చి స్పీకర్ల గురించి “ఎన్ని డబ్బాలు పెడ్తవు?” అని అడిగితే ఆయన సమాధానం చెప్పేవారు కాదు. తిరిగి తానే అడిగేవారు.

“ఆఖరి ఆద్మి యాడ నిలవడ్తడు?”

“గదెట్ల చెప్తం భాయి? జనం ఎంతమంది అస్తరో.”

“జనం ఎంతన్న రానీ. ఆఖరోడు యాడ నిలవడ్తడు, గది చెప్పు. గోడకాడ్నా, చెట్టుకాడ్నా, బజార్లనా?”

నేను ఒకసారి ఉండబట్టలేక అన్నాను. “ఉస్తాద్, మన యాంప్లిఫయర్ వంద వాట్లది. సరిపోతది.”

“వాట్లు నువ్వు అన్నంల కలుపుకొని తిను బేటా. గా ఆఖరి ముసలాయనకు ఇనవడ్తదా లేదా?”

ఆ రోజు నన్ను టేపు ఇచ్చి పంపారు. స్పీకరు పెట్టే చోటి నుంచి ఆఖరి మనిషి నిలబడే చోటి వరకు కొలిచి రావడం అప్పటి నుంచి నా పని. దూరం రెట్టింపు అయితే ఆరు డెసిబెళ్లు తగ్గుతాయని నాకు పుస్తకంలో తెలుసు. ఆ ఆరు డెసిబెళ్లు తగ్గిన చోట ఒక మనిషి నిలబడి ఉంటాడని తెలిపింది మాత్రం ఉస్తాదే.

ఆయనను దేవుణ్ణి చేయను. వైర్ల విషయంలో ఆయన పరమ పిసినారి. మీటరు అంటే గిట్టదు. తొమ్మిది వోల్టుల బ్యాటరీని నాలుకకు ఆనించి “ఇంక జాన్ ఉన్నది, పానం పోలే” అనేవారు. “ఉస్తాద్, గోడ ప్లగ్గును గూడ గట్లనే చూస్తరా?” అని అడిగి, దుకాణంలో ఉన్నవారందరి ముందు తిట్లు తిన్నాను. నా మొదటి నెల జీతంతో నేను కొన్నది వోల్టు మీటరు. ఆయన టేపు, నా మీటరు: ఈ రెండింటితోనే నా ఉద్యోగమంతా గడిచింది.

ఆసిఫాబాద్ జనరేటరు

ల్యాప్‌టాప్ సంగీతం మన జిల్లాలకు వచ్చిన కొత్తలో ఆసిఫాబాద్‌లో ఒక కాలేజీ ఉత్సవానికి సౌండు నాది. కళాకారుడు కిరణ్ అనే యువకుడు. హైదరాబాద్ నుంచి వచ్చాడు. మేఘం పట్టినా నల్ల కళ్ళద్దాలు తీయలేదు. ఎనిమిది మైకులు పట్టే ఇంటర్‌ఫేస్ తెచ్చాడు. చూడముచ్చటైన వస్తువు. పెట్టెకు దాని సొంత అడాప్టర్, దానికి వేరే ప్లగ్గు.

నేను మీటరు పెట్టి చూశాను. జనరేటరు నూట తొంభైకీ రెండు వందల నలభైకీ మధ్య ఊగుతున్నది. “తమ్మీ, నీ ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉన్నది. గా డబ్బాకు ఏమున్నది?” అని అడిగాను.

“బ్రాండెడ్ అంకుల్. ఏం ఫికర్ లేదు.”

రెండో పాట మధ్యలో జనరేటరు ఒక్క క్షణం దగ్గింది. లైట్లు పోయి వెంటనే వచ్చాయి. నా యాంప్లిఫయర్లు లేచాయి. ల్యాప్‌టాప్ అసలు పడుకోనే లేదు. కాని మధ్యలో ఉన్న పెట్టె ఆరిపోయి వెలిగింది కనుక, ల్యాప్‌టాప్ దానిని గుర్తుపట్టలేదు. తెర మీద రంగులన్నీ పరుగెత్తుతున్నాయి, కిరణ్ చేయి పైకెత్తి ఊగుతున్నాడు, స్పీకర్లలో మాత్రం చడీచప్పుడు లేదు. ప్రోగ్రాం మూసి, తెరిచి, పాట మళ్ళీ దొరికించుకునేసరికి ముందు వరుసలోని విద్యార్థులు చప్పట్లు కొట్టుకుంటూ తమ పాట తామే పాడుకొని ముగించారు. వెనక నుంచి ఒకడు అరిచాడు. “అన్నా, అద్దాలు తీసి చూడు, ప్లగ్గు కానస్తది!”

అందరికన్నా ముందు కిరణే నవ్వాడు. మంచి పిల్లవాడు. ఆ తరువాత అతను కొన్న ప్రతి పెట్టె గురించీ ముందు నాకు ఫోన్ చేశాడు.

అందువల్ల నా మొదటి తీర్పు ఇది: తిరుగుతూ ప్రదర్శన ఇచ్చేవారు, ల్యాప్‌టాప్ యూఎస్‌బీ వైరు నుంచే కరెంటు తీసుకునే పెట్టె కొనాలి. ఐదు వోల్టులు చాలు. గోడ కరెంటు పోయినా ల్యాప్‌టాప్, పెట్టె రెండూ ఆ బ్యాటరీ మీదే మేల్కొని ఉంటాయి. ఇంకో లాభం ఉంది. మన ఫంక్షన్ హాళ్లలో ఎర్తింగు సరిగా ఉండదు. ల్యాప్‌టాప్ ఛార్జర్ తగిలించగానే స్పీకర్లో జుమ్ అని ఒక మోత పుడుతుంది. అది యాభై హెర్ట్‌జ్‌ల కరెంటు పాడే పాట. ఛార్జర్ పీకితే చాలా సందర్భాల్లో ఆగిపోతుంది. ఎర్త్ పిన్ను మాత్రం ఎన్నడూ విరగ్గొట్టకండి. మోత పోతుంది కాని, ఒక్కోసారి మనిషి కూడా పోతాడు.

భాగ్య, రాజవ్వ

భాగ్య కరీంనగర్‌లో ఒక కంప్యూటర్ సంస్థలో పాఠాలు చెబుతుంది. ఊరు లక్సెట్టిపేట. వాళ్ళ అవ్వ, అంటే తల్లి, పేరు రాజవ్వ. వాళ్ళ వాడలో బతుకమ్మ పాట ఎత్తుకునేది రాజవ్వే. ఆమె ఒక చరణం అంటే, చుట్టూ తిరిగే ఆడవాళ్ళు “ఉయ్యాలో” అని అందుకునేవారు.

కొన్నేళ్ళుగా ఆ వాడలో పండుగ ఆఖరి రోజైన సద్దుల బతుకమ్మకు డీజే పెడుతున్నారు. ఆ చప్పుడులో రాజవ్వ గొంతు ఆమె చెవికే వినపడదు. కిందటి పండుగకు ఆమె తన బతుకమ్మను నడుమ పెట్టి, గోడ పక్కన నిలబడి, నోరు తెరవకుండా ఇంటికి వచ్చేసింది. భాగ్య అది చూసింది. అవ్వ గొంతును మైకులో తీసుకొని, దాని వెనుక ల్యాప్‌టాప్‌తో మంద్రస్వరాలు, ప్రతిధ్వనులు పరచి, డీజే అక్కర లేకుండా పండుగ నడిపించాలని ఆమె కోరిక. వాడలోని మహిళా సంఘానికి పెద్ద లచ్చవ్వ. ఆమె ఒక షరతు మీద ఒప్పుకున్నది: ముందు ఒకసారి పాడి చూపాలి. సద్దుల నాడు డీజే బండి బడి గేటు దగ్గరే ఉంటుంది. చప్పట్లు కలిస్తే సరే, కలవకపోతే డీజే మొదలవుతుంది.

అంటే, ఆ సాయంత్రం రాజవ్వ పాడుతుందా, మళ్ళీ గోడ పక్కన నిలబడుతుందా అన్నది ఆ పెట్టె మీద ఆధారపడి ఉంది. కనీసం భాగ్య అలా అనుకున్నది.

“కాకా, నాలుగు మైకులది తీస్కుంట.”

“ఎందరు పాడుతరు బిడ్డా?”

“అవ్వ ఒక్కతే.”

“మిగిలిన మూడు?”

“ఉంటె మంచిదే గద.”

“మీ ఇంట్ల నాలుగు పొయ్యిలున్నయా?”

“రెండే. అండ్ల ఒకటి అంటుకోదు.”

రెండు మైకులదే చూశాం. మూడు పెట్టెలు నా బల్ల మీదికి వచ్చాయి. ఒకదాని అట్టపెట్టె మీద నూట తొంభై రెండు కిలోహెర్ట్‌జ్ అని పెద్ద అక్షరాలు. మనిషి చెవి ఇరవై కిలోహెర్ట్‌జ్ దాటి వినదు, దానికి నలభై ఎనిమిది చాలు. నూట తొంభై రెండు గబ్బిలాలకు కచేరీ ఇచ్చేవారికి పనికొస్తుంది. పెట్టె మైకు శబ్దాన్ని ఎంత పెంచగలదన్నది నేను ముందు చూశాను. మెత్తగా పాడే గొంతుకు, సాధారణ మైకుకు యాభై ఐదు, అరవై డెసిబెళ్ల పెంపు అవసరం పడుతుంది. నలభై దగ్గరే అలసిపోయే పెట్టెలున్నాయి. తరువాత ఒక వైరుతో పెట్టె నోటిని పెట్టె చెవికే కలిపి, టక్ అనే ఒక శబ్దం పంపి, అది తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని కొలిచాను. ప్రకటనలో రాసిన అంకెకూ నా బల్ల మీద వచ్చిన అంకెకూ బంధుత్వమే లేని పెట్టె ఒకటి దొరికింది. దానిని పక్కన పెట్టాం.

చివరికి ఎంచుకున్నదానికి లోహపు ఒళ్ళు. హెడ్‌ఫోన్‌కు వేరే సాకెట్టు, వేరే నాబు. అన్నిటికన్నా ముఖ్యంగా, మైకులోని గొంతు ల్యాప్‌టాప్‌లోకి పోయి రాకుండా నేరుగా స్పీకరుకు వెళ్ళే అడ్డదారి ఒకటి ఉంది, దానికొక మీట ఉంది. “గీ మీట యాది పెట్టుకో” అని భాగ్యకు చెప్పాను. యాది పెట్టుకుంటానన్నది.

కొండగట్టు

తరువాత వచ్చిన మంగళవారం మధ్యాహ్నం ఫోన్ మోగింది.

“కాకా, డబ్బా కరకరమంటున్నది.”

“నిన్న మంచిగున్నది గద.”

“నిన్న కొండగట్టు పోలే.”

మన ప్రాంతంలో కొత్త బండి కొంటే కొండగట్టు ఆంజనేయస్వామి, అంటే అంజన్న, దగ్గర పూజ చేయించకుండా రోడ్డెక్కించరు. కొత్త వస్తువు కదా అని రాజవ్వ సౌండ్ కార్డును కూడా తీసుకుపోయింది. పూజ అయ్యాక బస్సు కోసం నిలబడినప్పుడు, భాగ్య ల్యాప్‌టాప్ తెరిచి అవ్వ గొంతు అవ్వకే వినిపించబోతే కరకర మొదలైంది. అట్నుంచి అటే తల్లీకూతుళ్లు మా ఇంటికి వచ్చారు.

పెట్టెను తీసుకొని వెలుతురులో పెట్టి చూశాను. మైకు సాకెట్టు నిండా నూనె కలిసిన సింధూరం.

“రాజవ్వా, గిదేంది?”

“బొట్టు అన్నా.”

“బొట్టు సరే. రంధ్రంల ఎందుకు పెట్టినవు?”

“రంధ్రంల ఎవలు పెట్టిండ్రు?” అని ఆమె పెట్టెను నా వైపు తిప్పింది. “గివి రెండు కండ్లు. నడుమ గీ తిప్పేది ముక్కు. పైన నొసలు. నొసట పెట్టిన. నూనె జారి కండ్లల్ల పడితె నేనేం జేత్తు?”

ఆమె చెప్పాక చూస్తే నిజమే. రెండు గుండ్రని సాకెట్లు, వాటి నడుమ ఒక నాబు. ఇన్నేళ్ళుగా అటువంటి పెట్టెలు చూస్తున్నాను, ఒక్కదానికీ ముఖం ఉందని నాకు తోచలేదు.

కరెంటు తీసి, స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో సాకెట్టును శుభ్రం చేశాను. ప్లగ్గు పెట్టి తీసి, పెట్టి తీసి, ఆరనిచ్చాను. కరకర పోయింది. పైన మిగిలిన బొట్టును తుడవబోతే రాజవ్వ నా చేయి పట్టుకున్నది.

“గది ముట్టకు.”

“నూనె, రాజవ్వా. మల్ల దిగుతది.”

“బొట్టు తుడుస్తరా ఎవలన్న?”

“తుడువకపోతె కాక పరేషాన్ అయితడు అవ్వా” అన్నది భాగ్య.

“కానీ. మీ కాక పరేషాన్ గాని రోజు యాడున్నది?”

మధ్యేమార్గంగా, ఆరిన బొట్టు మీద పారదర్శకమైన టేపు అతికించాను. అతికించిన ప్రతి టేపు మీద తేదీ వేయడం నాకు అలవాటు. దాని మీద కూడా వేశాను.

పాట నడుము వంగింది

లక్సెట్టిపేటలో పాడి చూపే రోజు నేనూ వెళ్ళాను. బడి ఆవరణ. స్పీకరు అందరూ ఎప్పుడూ పెట్టే చోటే, బడి గోడకు, ప్లగ్గు పక్కన పెట్టారు. రాజవ్వ చప్పట్లు కొడుతూ తిరగాలి కనుక, తలకు తగిలించుకునే వైరులేని మైకు తెచ్చాను. అది పెట్టుకొని ఆమె అన్న మాట: “ఎడ్లకు చిక్కం కట్టినట్టున్నది. పాడాల్నా, మేత మేయకుంట ఉండాల్నా?”

రాజవ్వ ఎత్తుకున్నది. మొదటి చరణం చక్కగా సాగింది. రెండోది కొంచెం బరువెక్కింది. మూడో చరణానికి చప్పట్లు చెల్లాచెదురయ్యాయి. ఆడవాళ్ళు స్పీకరు కోసం ఆగుతున్నారు, రాజవ్వ వాళ్ళ కోసం ఆగుతున్నది. పాట నడుము వంగిపోయింది.

లచ్చవ్వ నడక ఆపి నడుము మీద చేయి వేసుకున్నది. “రాజీ, గిట్ల పాడితె దసరకు ఎత్తుకుంటె దీపావళికి దించుతం.”

ఆడవాళ్ళంతా నవ్వారు. రాజవ్వ కూడా నవ్వింది కాని చిక్కం తీసి చేతిలో పట్టుకున్నది. భాగ్య నా దగ్గరకు వచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. “కాకా, డబ్బా తప్పు కొన్నం. మార్చుదాం.”

ఈ పనిలోకి వచ్చేవారందరూ ఈ మాట దగ్గర ఆగాలి. పాట చెడితే తప్పు పెట్టెదే అనుకోవడం మన వృత్తిలో అతి సాధారణమైన రోగం. నేను ముందు ల్యాప్‌టాప్ చూశాను. ల్యాప్‌టాప్ ధ్వనిని ఒక్కో గుక్కకు ఎంత పట్టి ఉంచుతుందో చెప్పే బఫర్ వెయ్యి ఇరవై నాలుగు మీద ఉంది. అంటే ధ్వని లోపలికి పోయి బయటికి రావడానికే దాదాపు యాభై మిల్లీసెకన్లు. అడ్డదారి మీట వేసి లేదు. యాది పెట్టుకున్నది, కాని వేయలేదు. బఫరును నూట ఇరవై ఎనిమిదికి తగ్గించి, మీట వేశాను. అసలు గొంతు ఇప్పుడు నేరుగా పోతుంది, ల్యాప్‌టాప్ అలంకారాలు మాత్రం వెనుక నుంచి వచ్చి చేరతాయి. వైరు కలిపి కొలిస్తే ఆ అలంకారాల ఆలస్యం తొమ్మిది మిల్లీసెకన్లు వచ్చింది. తొమ్మిదిని ఏ చప్పట్లూ పట్టించుకోవు.

తరువాత టేపు తీశాను. గోడ దగ్గరి స్పీకరు నుంచి ఆడవాళ్ళ వలయంలో అవతలి అంచుకు ఇరవై నాలుగు మీటర్లు. గాలిలో ధ్వనికి మీటరుకు దాదాపు మూడు మిల్లీసెకన్లు పడుతుంది. అంటే అక్కడి మనిషికి డెబ్బై మిల్లీసెకన్లు ఆలస్యంగా పాట అందుతుంది. ఇవతలి అంచున ఉన్న మనిషికి అందులో సగమే. ఏ కంపెనీ పెట్టె కొన్నా ఆ డెబ్బై తగ్గదు.

అక్కడే టేపు పట్టుకొని నిలబడితే ఉస్తాద్ ప్రశ్న గుర్తుకు వచ్చింది. ఆఖరి ఆద్మి ఎక్కడ నిలబడతాడు? పెళ్ళిలో, సభలో ఆ ప్రశ్నకు ఒక గోడో చెట్టో సమాధానం. ఇక్కడ ఆడవాళ్ళు నిలబడరు, తిరుగుతారు. ప్రతి ఒక్కరూ ఒకసారి మొదటివారు, ఒకసారి ఆఖరివారు అవుతారు. ఆఖరి మనిషే లేకుండా చేయగలిగిన చోటు ఒక్కటే ఉంది. అది నడుమ. అక్కడ స్పీకరు పెడితే అందరికీ దూరం ఆరు మీటర్లే. ఆలస్యం అందరికీ ఒకటే, అదీ పద్దెనిమిది మిల్లీసెకన్లు. దూరం తగ్గింది కనుక శబ్దం కూడా అంత పెంచనక్కరలేదు.

లచ్చవ్వకు ఇదంతా అంకెలతో సహా వివరించాను. ఆమె శ్రద్ధగా విన్నది.

“సారూ, నీ లెక్క మంచిదే. కాని నడుమ గౌరమ్మ కూసుంటది. గా జాగల నీ నల్ల డబ్బా కూసుంటదా?”

“గౌరమ్మ పక్కకు, లచ్చవ్వా.”

“పక్కకు గూడ వద్దు. గోడకే పెట్టు.”

ఇంకొకసారి అంకెలు చెప్పబోతే భాగ్య నా చొక్కా పట్టి లాగింది.

సద్దుల నాడు

ఆ సాయంత్రం బడి ఆవరణ పూలతో నిండింది. తంగేడు, గునుగు, బంతి. ఒక్కో బతుకమ్మ ఒక్కో ఎత్తు. గేటు దగ్గర డీజే బండి సిద్ధంగా ఉంది. దాని మీద కూర్చున్న యువకుడు మర్యాదగా నాకు నమస్కారం చేశాడు. “సార్, జర తొందరగ తేల్చుండ్రి. మంచిర్యాలల ఇంకో గిరాకి ఉన్నది.”

లచ్చవ్వ పసుపు గౌరమ్మను పెట్టిన తన బతుకమ్మను నడుమ దించింది. మిగిలినవారు చుట్టూ పేర్చారు. నేను స్పీకరును, దానికో బ్యాటరీని తోపుడు బల్ల మీద పెట్టుకొని, నడుమకూ గోడకూ మధ్య ఎటూ కాకుండా నిలబడ్డాను. భాగ్య ల్యాప్‌టాప్‌ను గుండెకు అదుముకొని నిలబడింది. రాజవ్వ తలకు చిక్కం పెట్టుకొని, లచ్చవ్వనూ, భాగ్యనూ, నన్నూ చూసింది. తరువాత బిడ్డ భుజానున్న సంచిలోంచి సౌండ్ కార్డు తీసి, నేరుగా లచ్చవ్వ దగ్గరకు నడిచింది.

“అక్కా, జర దీని మొకం చూడు.”

“ఏందే గది?”

“చూడు ముందుగాల.”

లచ్చవ్వ పెట్టెను కళ్ళకు దగ్గరగా పట్టుకున్నది. “బొట్టు పెట్టినవు. ఇంట్ల పెట్టిన బొట్టు ఎవలన్న పెడ్తరు.”

“ఇంట్లది కాదు. కొండగట్టు అంజన్నది.”

“నువ్వు చెప్తె నమ్మాల్నా?”

“నన్ను నమ్మకు. తారీఖు ఏసున్నది సూడు.”

లచ్చవ్వ పక్కనున్న ఒక కోడలిని పిలిచి టేపు మీది తేదీ చదివించింది. వేళ్ళ మీద వెనక్కి లెక్క వేసింది. ఒకసారి తప్పి, మళ్ళీ వేసింది.

“మంగళారం.”

“మంగళారమే గదా అంజన్నది” అన్నది రాజవ్వ.

లచ్చవ్వ పెట్టెను కళ్ళకు అద్దుకున్నది. తరువాత నా వైపు చూసింది. “సారూ, తారీఖు నువ్వే ఏసినవా?”

“నేనే వేసిన.”

“మంచిపని చేసినవు. బొట్టుకు తారీఖు ఏసినోణ్ణి ఇంతవరకు చూడలే. నడుమకు తీస్కరా.”

నేను బల్ల తోయడం మొదలుపెట్టాను. ఆమె చేయెత్తి ఆపింది. “ఆగు. చిన్న డబ్బాకు బొట్టున్నది, పెద్ద డబ్బాకు వద్దా?” పసుపు, కుంకుమ గిన్నెలు వచ్చేలోగా భాగ్య పెట్టెకు వైర్లన్నీ కలిపింది. లచ్చవ్వ బొటనవేలు స్పీకరు జాలీ వైపు పోయింది. జాలీ వెనుక సన్నని కాగితపు తెర ఉంటుంది. “లచ్చవ్వా, గక్కడ కాదు. గిక్కడ, నొసట” అని పై చెక్కను చూపించాను. నొసలు అనే మాట నా నోటి నుంచి వచ్చినందుకు రాజవ్వ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ నవ్వు అప్పటికే తెరిచి ఉన్న మైకులోంచి ఆవరణంతా వినిపించింది. గేటు దాకా.

స్పీకరు గౌరమ్మ పక్కకు చేరింది, ఆ నవ్వుతోనే పాట మొదలైంది.

రాజవ్వ మొదటి చరణం ఎత్తుకున్నది. చుట్టూ ఆడవాళ్ళు “ఉయ్యాలో” అని అందుకున్నారు. చప్పట్లు ఒక్కటిగా పడ్డాయి. రెండో చరణం. మళ్ళీ ఒక్కటిగానే. భాగ్య పూల పక్కన చాప మీద కూర్చొని, అవ్వ అడుగులను చూస్తూ, ఒక్కొక్క మంద్రస్వరాన్ని కింద పరుస్తున్నది. అవ్వ ఎక్కడైనా ఊపిరి కోసం ఆగితే ఆమె వేళ్ళు కూడా ఆగాయి. మూడో చరణానికి పాట నడుము వంగలేదు. ఐదో చరణానికి రాజవ్వ వేగం పెంచింది, లచ్చవ్వ “జర మెల్లగ, మోకాళ్ళున్నయే” అని అరిచింది, ఎవరూ మెల్లగా తిరగలేదు. పిల్లలు పెద్దలు కలిసి వలయం చుట్టూ ఇంకో వలయం వేశారు. టేపు తీసి కొలిచాను: కొత్త వలయం కూడా తొమ్మిది మీటర్లలోపే ఉంది.

ఎన్నో చరణానికి డీజే బండి వెళ్ళిందో నేను గమనించలేదు. గమనించకుండా ఉన్నదేదీ నా వృత్తిలో పెద్దగా లేదు కనుక దీనిని రాస్తున్నాను. వెళ్ళేముందు ఆ యువకుడికి ఎవరో పండుగ ప్రసాదం, మలీద ముద్దలు, పెట్టి పంపారట. రాజవ్వ గొంతు జీర పోయేదాకా పాడింది. ఆ తరువాత బతుకమ్మలను ఎత్తుకొని నీళ్ళ వైపు నడుస్తూ మైకు లేకుండానే పాడింది. భాగ్య ల్యాప్‌టాప్ మూసి నా చేతికిచ్చి, తానూ ఒక బతుకమ్మను నెత్తిన పెట్టుకొని వెనుక అందుకున్నది.

ఇక ఆ ప్రశ్నకు సమాధానం

ల్యాప్‌టాప్ ప్రదర్శనకు పెట్టె కొనేవారు ఇవి చూసుకోండి. యూఎస్‌బీ కరెంటుతోనే నడవాలి. మీకు అవసరమైనన్ని మైకులకే సాకెట్లు ఉండాలి, గొప్పకు కాదు. మెత్తని గొంతును మోత లేకుండా పెంచగలగాలి. గొంతు నేరుగా పోయే అడ్డదారి ఉండాలి, ఆ మీటను వేయడం మీకు గుర్తుండాలి. ఆలస్యాన్ని అట్టపెట్టె మీద చదవకండి, వైరు కలిపి మీరే కొలవండి. పెట్టె కొనడానికి పోయేముందు టేపు పట్టుకొని మీరు ప్రదర్శన ఇచ్చే చోటికి పోయి, ఆఖరి మనిషి ఎక్కడ నిలబడతాడో చూడండి. అక్కడ తప్పు చేస్తే ఏ పెట్టే మిమ్మల్ని కాపాడదు.

ఇంకొకటి. దీనిని ఏ కంపెనీ తన ప్రకటనలో రాయదు. పెట్టె ముందు పలక మీద, సాకెట్లకు పైన కాకుండా పక్కన, రంధ్రాలు లేని ఖాళీ జాగా కొంత ఉండాలి. లచ్చవ్వ బొటనవేలితో పెట్టిన బొట్టు అడ్డంగా ఇరవై రెండు మిల్లీమీటర్లు. నేనే కొలిచాను. ఇరవై ఐదు ఉన్నది చూసి తీసుకోండి.